ఏఐ గీసిన చీమకి ఎన్ని కాళ్లు?



"శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటూనే ఉంటారు కదా! ఈ వారం వీడియో థంబ్‌నెయిల్‌కి ఆ చీమనే పెడదామనిపించింది. చార్మినార్ దగ్గర చాయ్ తాగుతూ ఫోన్‌లో ఏఐని అడిగాను: "చార్మినార్ ముందు పంచదార పలుకు మోసుకెళ్తున్న చీమ బొమ్మ కావాలి" అని.

కొన్ని సెకన్లలో వచ్చేసింది. నాలుగు మినార్లు, సాయంత్రపు వెలుగు, అన్నీ బ్రహ్మాండం. కానీ చీమకి ఎనిమిది కాళ్లు! మళ్లీ అడిగితే ఐదు. ఇంకోసారి ఆరు వచ్చాయి గానీ, వాటిలో రెండు పొట్టలోంచి మొలిచాయి. నిజం చీమకి ఆరు కాళ్లూ తలకీ పొట్టకీ మధ్య ఉన్న ఛాతీ భాగానికే ఉంటాయి.

ఎందుకిలా జరుగుతుంది? ఏఐ ఎప్పుడూ చీమని చూడలేదు. మనుషులు తీసిన, గీసిన లెక్కలేనన్ని బొమ్మల్ని చూసి పోలికలు నేర్చుకుంది. చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, ఆ పోలికల ప్రకారం దాన్ని కొంచెం కొంచెంగా బొమ్మగా మారుస్తుంది. చీమ ఆ కాళ్లతో ఎలా నడుస్తుందో దానికి తెలియదు.

నేను "మళ్లీ, మళ్లీ" అని నొక్కుతుంటే బ్రహ్మవైవర్త పురాణంలోని ఇంద్రుడు గుర్తొచ్చాడు. ఆయన విశ్వకర్మ చేత భవనం కట్టించుకుంటాడు. ఎంత కట్టినా తృప్తి లేదు. ఇంకా గొప్పగా, ఇంకా అందంగా కావాలి. విశ్వకర్మ అలసిపోయి బ్రహ్మ దగ్గర మొరపెట్టుకుంటాడు. అప్పుడు శ్రీమహావిష్ణువు బాలుడి రూపంలో ఇంద్రుడి దగ్గరికి వస్తాడు. నేల మీద బారులు తీరి వెళ్తున్న చీమల్ని చూసి నవ్వుతాడు. ఎందుకయ్యా నవ్వు అంటే, ఈ చీమల్లో ప్రతి ఒక్కటీ ఒకప్పుడు ఇంద్రుడే అంటాడు. అంతే, ఇంద్రుడి గర్వం దిగిపోయింది.

ఇంద్రుడికి ఒక్క విశ్వకర్మ. మనకి జేబులోనే విశ్వకర్మ ఉన్నాడు, అలసిపోడు కూడా. కాబట్టి మన గర్వానికి అడ్డు ఎక్కువ అవసరం. ఏఐతో బొమ్మలు, దేవుడి బొమ్మలు చేసుకోవడం తప్పా అంటే, తప్పు కాదు. "నేనే సృష్టించాను" అనుకుని అసలు సృష్టిని చూడటం మానేస్తే మాత్రం నష్టం మనకే.

చార్మినార్ 1591 నాటిది. దాని పక్కనే లాడ్ బజార్‌లో లక్క గాజులు కొంటాం. ఆ లక్క ఎక్కడిది? చెట్టుకొమ్మల మీద బతికే చిన్న పురుగు ఇచ్చింది. పెళ్లికూతురి చేతి మెరుపు వెనక పేరు లేని ఒక ప్రాణి ఉంది. చూసే కన్ను ఉంటే అదీ దైవదర్శనమే.

మన అమ్మమ్మలకి ఆ కన్ను ఉంది. వాళ్లు వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు వేసేది అందం కోసమే కాదు, చీమలు తినాలని కూడా. ఒక్క గీతలో పూజ, కళ, అన్నదానం మూడూ కలిసిపోయాయి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నా సరే, ఈ వారం గుమ్మం ముందు చిటికెడు బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేయండి. ఫోన్ లోపల పెట్టేసి ఐదు నిమిషాలు కూర్చోండి. చీమ వస్తే కాళ్లు లెక్కపెట్టండి. ఆ ఐదు నిమిషాలూ ధ్యానమే.

శుభం.