అభయమునకు పూచీ ఎవరు?

న్యాయస్థానము రక్షణ ఉత్తర్వు ఇచ్చిన స్త్రీని, ఆ ఉత్తర్వును ఎరిగియుండియు చంపినవానికి సాధారణ హంతకునికంటె కఠినతరమైన శిక్ష విధింపవలెనా? విధింపవలెనను వారి వాదములో బలము కలదు. అట్టివాడు ఒక ప్రాణమును తీయుటయే గాక, రాజ్యము ఆమెకిచ్చిన మాటను కూడ భంగపరచినాడు. ఆమె జోలికి పోరాదని ముందే హెచ్చరింపబడినవాడు గనుక, క్షణికావేశమను సాకు అతనికి చెల్లదు. ఇటలీ దేశము 2009లో, ఒకరిని వెంటాడి వేధించినవాడే వారిని హతమార్చినచో యావజ్జీవ కారాగారము విధించునట్లు శాసించినది.

దీనికొక ఆక్షేపణ కలదు. బస్తరు అడవులలో గోండీయో హల్బీయో మాత్రమే ఎరిగిన స్త్రీ న్యాయస్థానపు మెట్లెక్కి, హిందీలో వ్రాసిన ఉత్తర్వును చేతబట్టుకొనుట ఎంత దుర్లభము! ఆ కాగితము లేనంతమాత్రమున ఆమె ప్రాణము చౌకయా? కాదు. కఠినతర శిక్షకు ఆధారము హంతకుని ఎరుకయే గాని హతురాలి ప్రాణపు వెల కాదు. ఈ భేదమును పాటించినంతవరకు ఆ శిక్ష అన్యాయము కాదు.

అయినను, న్యాయమైన శిక్షయెల్ల రక్షణ కాజాలదు. వెరియర్ ఎల్విన్ బస్తరులోని మారియాల నడుమ జరిగిన 100 హత్యలను పరిశీలించి 1943లో గ్రంథము ప్రకటించినాడు. మద్యపానము, భార్యపై అనుమానము, చేతబడి భయము, ఇంటి కలహము అందు కనిపించు కారణములలో కొన్ని. ఆవేశము సాకుగా చెల్లకపోవచ్చును. గొడ్డలి ఎత్తిన క్షణమున శిక్షాస్మృతిని తలచువారెందరు? పైగా హత్యకు మన దేశములో మరణదండనయో యావజ్జీవ కారాగారమో ఇదివరకే కలదు. ఆ పైమెట్టుమీద మరియొక మెట్టు కట్టుటకు చోటు స్వల్పము.

చోటున్నది క్రిందిమెట్లలోనే. ఛత్తీస్‌గఢ్ 2005లో చేసిన టోనహీ చట్టము, స్త్రీని మంత్రగత్తె అని ముద్రవేసినందుకే 3 ఏండ్లవరకు, ఆ పేర వేధించినచో 5 ఏండ్లవరకు కఠిన కారాగారము విధించుచున్నది. హత్య మాటతో మొదలగునని ఆ శాసనము గ్రహించినది. అదే ఏట కేంద్రము చేసిన గృహహింస చట్టములో రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించినవానికి గరిష్ఠశిక్ష 1 సంవత్సరపు కారాగారము, లేదా 20,000 రూపాయల జరిమానా, లేదా రెండును. వారంటు లేకుండ పట్టుకొను అధికారము పోలీసులకు కలదు. మొదటి ఉల్లంఘననాడు ఆ అధికారము నిద్రించినచో, కడపటినాటి కాఠిన్యము ఎవరిని కాపాడును?

శిబిచక్రవర్తి పావురమునకు అభయమిచ్చి, దానిని చంపినచో డేగను ఘోరముగా దండింతునని చాటి ఊరకుండలేదు. తన తొడమాంసమును కోసి త్రాసులో పెట్టినాడు. అభయమునకు మొదటి పూచీదారు ఇచ్చినవాడే. హంతకుని కఠినముగా దండింపవచ్చును; కాని ఆ దండనతో రాజ్యము తన ఋణము తీరినట్లు లెక్క వ్రాసికొనరాదు. ఆమె ఫిర్యాదు చేసిననాడు కదలని ఠాణా అధికారియు, ఆమె భాషలో ఉత్తర్వును చదివి వినిపింపని ఉద్యోగియు ఆ లెక్కకు జవాబు చెప్పవలసినవారే.