ముందుచూపు కూడా పొరుగు ప్రేమే



ఎర్రకుళ్ళు సోకిన చెరుకు గడను మందు కొట్టి బాగుచేయగలరా అని రుద్రూర్ రైతును అడగండి. చేయలేమంటాడు. అందుకే నాటకముందే తెగులు లేని తోటనుండి ముచ్చెలు ఏరుకుంటాడు. చేనుపై చూపే ఈ ముందుచూపు మన ఒంటిపై ఎందుకు చూపము?

ఆ మధ్య ఒక పెద్దాయనకు వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వడానికి వెళ్ళాను. ఏళ్ళ తరబడి బీపీ, షుగర్ ఉన్నా పరీక్ష చేయించుకోలేదు. చివరకు మూత్రపిండాలు చెడి వారానికి మూడుసార్లు డయాలసిస్ పడింది. "కార్డున్నది ఫాదర్, పైసలు కట్టే పనిలేదు" అన్నారు. ఆయన భార్య ఏమీ అనలేదు. ప్రతిసారీ నిజామాబాద్ బస్సెక్కేది ఆమె. ఆ రోజు కూలి పోయేదీ ఆమెకే.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు చేసిన మేలు చిన్నది కాదు. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే ఆ సొమ్ము ఎవరిది? సబ్బుబిళ్ళ కొన్న కూలివాని పన్ను కూడా అందులో ఉంది. అది ఊరి ఉమ్మడి బావి వంటిది. ఆపగలిగిన జబ్బును ముదరనిస్తే, ఆపలేని జబ్బుతో వచ్చే పొరుగువాని చేదకు నీరు తగ్గుతుంది.

అలాగని రోగిని దోషిగా నిలబెట్టకూడదు. పుట్టుగుడ్డిని చూసి ఇది ఎవరి పాపమని అడిగిన శిష్యులను ప్రభువు సరిదిద్దారు. పరీక్షకు వెళితే ఆ పూట కూలి పోయే మనిషిని అజాగ్రత్తపరుడని ఎలా అనగలం? పెద్ద ఆపరేషన్లకు డబ్బిచ్చి, ఊరి దవాఖానలో మాత్రలు, సిబ్బంది సరిగా ఉండేలా చూడకపోతే ఆ తప్పు పాలకులది. ప్రాథమిక వైద్యమే పునాది అని 1978లోనే ఆల్మా ఆటా ప్రకటన చెప్పింది.

ప్రతి ముందస్తు పరీక్షా డబ్బు మిగల్చదు, నిజమే. కాని లెక్క డబ్బుది మాత్రమే కాదు. ఆ ఇల్లాలి బస్సు ప్రయాణాలు ఏ ఖాతాలో రాస్తాము? పునీత తోమాస్ అక్వీనాస్ ముందుచూపును వివేకమనే సుగుణంలో భాగంగా చెప్పారు. వివేకం పిరికితనం కాదు, ప్రేమకు కన్ను.

ముప్పై దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం. ఈ వారం మీరు వెళ్ళండి. వెళ్ళేటప్పుడు, కూలి పోతుందని వెనుకాడే పొరుగువానిని కూడా వెంట తీసుకెళ్ళండి. ఆ పూట కూలి మనలో ఎవరైనా ఇస్తే అదీ దానధర్మమే.