దానము – శాశ్వతత్వము

దానమనగా తనకున్న దానిని పరున కిచ్చుటయని సామాన్యముగా తలంతుము. పుచ్చుకొనువాడు ఇంకను పుట్టనివాడైనచో? ఇచ్చిన వస్తువు నెవ్వరును అమ్ముకొనరాదు, నరకరాదు అను నియమముతో ఇచ్చినచో? అదియు దానమే యగునా?

ప్రత్యుపకారము చేయజాలనివాని కిచ్చునదే సాత్త్వికదానమని గీత బోధించుచున్నది. పుట్టనివానికంటె ప్రత్యుపకారము చేయజాలనివా డెవడు? కావున అది దానమే. అయితే దానిని శాశ్వత మొనర్చునది ఏది? ఈ విచారమునకు ఒక యథార్థ చరిత్రము తోడ్పడును.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున, పసిఫిక్ తీరమునకు చేరువలోని ఒక లోయలో రెడ్‌వుడ్ మహావృక్షములు కలవు. వానిలో అనేకములు 600 ఏండ్లు దాటినవి. వేసవిలో సముద్రము నుండి వచ్చు పొగమంచే వానిని తడుపుచుండును. పరిసరములలోని అట్టి వనములు గొడ్డలికి బలికాగా మిగిలిన దీనిని 1905లో విలియం కెంట్ అను గృహస్థుడు 45,000 డాలర్లకు కొనెను. అప్పు చేయుటకు భార్య సందేహించినను ఆయన వెనుదీయలేదు. 1907లో ఒక నీటి కంపెనీ అచట జలాశయము నిర్మించుటకై న్యాయస్థానము ద్వారా ఆ భూమిని నిర్బంధముగా గైకొనబూనెను. అప్పుడు కెంట్ దంపతులు 295 ఎకరములను దేశప్రభుత్వమునకు దాన మొసగిరి. 1908 జనవరి 9న అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు దానిని జాతీయ స్మారకముగా ప్రకటించెను. దాత పేరు పెట్టుదమని ఆయన తలంపగా కెంట్ అంగీకరింపలేదు; ప్రకృతిని ఆరాధించిన జాన్ మ్యూర్ పేరునే నిలిపెను.

భూమిని విడుచుట ఒక త్యాగము. పేరును విడుచుట అంతకంటె కఠినము. ఇట మూడవ త్యాగము కూడ కలదు. అది రేపటి తన యిచ్ఛను విడుచుట. 1913లో శాసనసభ్యుడుగా నున్న ఈ కెంటే, యోసెమిటీ జాతీయోద్యానములోని హెచ్‌హెచీ లోయలో నగరపు నీటికై ఆనకట్ట కట్టు శాసనమును సమర్థించెను. దానిని ఆపుటకు మ్యూర్ చేసిన పోరాటము విఫలమయ్యెను.

ఇందుకై దాతను నిందింప నక్కరలేదు. దప్పిగొన్నవారికి నీరిచ్చుటయు ధర్మమే. సజ్జనుని మనస్సైనను కాలముతో మారును. కావుననే దానము దాత మనస్సుపై ఆధారపడరాదు. "నేను మారినను నా దానము మారకుండుగాక" యనుటయే శాశ్వతదానమునకు అర్థము.

అయినను చట్టమొక్కటే చాలదు. జాతీయోద్యానములోని లోయయే నీట మునిగినది కదా! అడవిని ఒకడు ఒక్కమారు ఇచ్చినంత మాత్రమున ఆ దానము ముగియదు. తరువాతి ప్రతి తరమును, తీసికొనగలిగియు తీసికొనక, దానిని మరల ఇచ్చుచుండవలెను. పూర్వులిచ్చిన దానిని అట్లు నిలుపుట మన వంతు దానము.