నీ వెనుక వచ్చేటోళ్ల కోసం

అల్లుడా, పది టైర్ల లారీ కొన్నవని అక్క ఫోన్‌ల చెప్పినప్పటి సంది మస్తు సంబురంగున్నది. ఫైనాన్సు, పర్మిట్టు, ఇన్సూరెన్సు నీకు నేర్పాల్సిన పని లేదు. నేను చెప్పదలుచుకున్నది చిన్నగ కనబడే ముచ్చట, మడ్‌ఫ్లాపుల ముచ్చట. బాడీ షెడ్డుల రంగులు, బొమ్మలు, లైట్లు అన్నీ అయినంక, టైర్ల వెనుక ఏదో రబ్బరు ముక్కను రెండు బోల్టులకు వేలాడదీసి బండి అప్పజెప్తరు. నీ బండిని అట్ల తెచ్చుకోకు.

నువ్వు తిరగబోయే తొవ్వలు ఒక్కసారి యాది చేసుకో. జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదికెళ్లి ఆర్మూరు పోయే 63వ నంబరు జాతీయ రహదారి ఉన్నది. యాసంగి కోతలప్పుడు మన దిక్కు రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోస్తరు. అవతలి పక్క వడ్లుంటే ఎదురొచ్చే బస్సు నీ దిక్కు జరుగుతది, నీ ఎడమ టైర్లు మొరం మీదికి దిగుతయి. కంకర లేచేది ఆడనే. ఆ టైంల నీ వెనుక ఎవరుంటరు? బండి మీద పిల్లగాన్ని ముందు కూసోబెట్టుకున్న రైతు ఉంటడు. సిరిసిల్లల అయితే సాంచాల షిఫ్టు దిగి నిద్ర కండ్లతోని ఇంటికి పోయే కార్మికుడు ఉంటడు. వేములవాడ రాజన్న దర్శనానికి పోయే ఆటోలుంటయి. హనుమాన్ జయంతికి కాషాయం కట్టుకొని కొండగట్టుకు ఉత్త కాళ్లతోని నడిచే దీక్షాపరులు రోడ్డు అంచుకే ఉంటరు. వాళ్ల మొకానికీ నీ టైరుకూ నడుమ అడ్డం ఆ రబ్బరు పలక ఒక్కటే, బిడ్డా.

జంట టైర్ల వెడల్పు ఇంచుమించు రెండడుగులు ఉంటది. పలక దానికంటే ఒక్క ఇంచు కూడ తక్కువ ఉండొద్దు. మందం 8 మిల్లీమీటర్లకు తగ్గకుండ తీసుకో. దుకాణంల రబ్బరును మడిచి చూడు, మడత కాడ సన్నపు పగుళ్లు తేలితే అక్కడనే వదిలెయ్. పలుచటి ప్లాస్టిక్ చూడ సక్కగుంటది గని, 45 డిగ్రీలు దాటే మన మే నెల ఎండకు పెళుసెక్కి బోల్టు కాడ చీరుతది. క్రషర్లు, గనుల నుంచి వచ్చిన పాత కన్వేయర్ బెల్టు ముక్కలు అగ్గువకు దొరుకుతయని కొందరు చెప్తరు. లోపల గుడ్డ పొరలున్న బెల్టయితే గట్టిదే, మంచిదే. ఇనుప తీగలున్నది మాత్రం వద్దు. అంత బరువైన పలక నడి రోడ్డు మీద ఊడి ఎగిరితే వెనుకోని మీద రాయికంటే పెద్ద దెబ్బ పడతది. అందం కోసం అడుగున ఇనుప పట్టీ కొట్టించుడు కూడ ఇందుకే వద్దంటున్న.

ఇగ ఎత్తు కాడ చానామంది మోసపోతరు. ఖాళీ బండికి కొలుస్తరు. 2018ల కేంద్రం పది టైర్ల బండి మొత్తం బరువును 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. అంత బరువు పడితే స్ప్రింగు కట్టలు కిందికి దిగుతయి. ఖాళీగున్నప్పుడు సరిపోయిన పలక లోడు ఎక్కంగనే రోడ్డుకు గీసుకపోయి నెల తిరగకముందే అరుగుతది. అందుకని వడ్ల బస్తాలు నింపిన బండినే షెడ్డుకు తీసుకపో. లోడు మీద నేలకు ఎనిమిది ఇంచులు ఉండేటట్టు పెట్టించు. యూరప్ దేశాలు 1991లనే లారీల నీటి తుంపర ఆపేందుకు చట్టం చేసుకున్నయి, ఆ కొలత కూడ ఇంచుమించు ఇంతే.

టైరుకు పలకకు నడుమ అడుగు ఎడం పెట్టించు. మరీ దగ్గరుంటే రాళ్లు దాని కింది నుంచే తప్పించుకుంటయి, ఇంకా కిందికి దించాల్సి వస్తది. పైగా రైస్‌మిల్లుల వెనుకకు తీసేటప్పుడు ర్యాంపుకు తగిలి టైరు కిందికి పోతది, ఒక్క గుంజుడుకు ఊడి వస్తది. రెండు పక్కల చిన్న గొలుసు, కొక్కెం పెట్టించుకుంటే రివర్స్ అప్పుడు పైకి కట్టుకోవచ్చు. మళ్ల దించుడు యాది మరువకు.

బోల్టుల సంగతి మిస్త్రీకి వదిలిపెట్టకు, పక్కన నిలబడి చూడు. రబ్బరుకు ముందొక ఇనుప పట్టీ, వెనుకొక పట్టీ పెట్టి నడుమ బిగియ్యాలె. ఒక్కో పలకకు నాలుగైదు బోల్టులు, వెడల్పు వాషర్లు, వదులుకాని నైలాక్ నట్లు ఉండాలె. రంధ్రాలు గుండ్రంగ డ్రిల్లుతోనే కొట్టాలె, కత్తితోని కోస్తే ఆ మూల నుంచే చీరిక మొదలైతది. పలక బ్రాకెట్టును ఛాసీ రెయిలుకు వెల్డింగ్ కొట్టనియ్యకు, బాడీ అడ్డ దూలానికే పట్టించు. బండి బీఎస్-6ది, వెల్డింగ్ ఏదన్న పెట్టాల్సి వస్తే ముందు బ్యాటరీ తీగలు విప్పించు, లేకుంటే ఇంజను కంప్యూటరు కాలిపోతది. వెనుక లైట్లు, నంబరు ప్లేటు, రిఫ్లెక్టర్ పట్టీ మీద పలక అడ్డం రావొద్దు. సైలెన్సరుకు దూరంగుండాలె.

ముందు చక్రాల వెనుక కూడ పెట్టించు. అక్కడ ఎగిరే బురద నీ డీజిల్ ట్యాంకు, బ్యాటరీ పెట్టె, గాలి పైపుల మీదనే పడతది. వానకాలంల దాని విలువ తెలుస్తది.

ఇంకొక్కటి, అన్నిటికంటే ఎక్కువ గుర్తు పెట్టుకోవాల్సింది. జంట టైర్ల నడుమ ఇరుక్కున్న రాయిని ఏ పలకా ఆపలేదు. అది వేగం మీద విడిపడితే రబ్బరును చీల్చుకొని పోతది. క్వారీ నుంచో ఇటుక బట్టీ నుంచో బయటపడి తారు రోడ్డు ఎక్కే ముందు బండి ఆపి, ఇనుప కడ్డీతోని ప్రతి జంట టైరునూ పొడిచి చూడాలె. క్లీనర్ నిద్రల ఉంటే నువ్వే దిగు. లోడు ఆలస్యమైతదని మిల్లు సేటు ఫోన్ చేస్తే చెయ్యనియ్.

పలకలు కొనేటప్పుడే ఒక జత ఎక్కువ కొని, బోల్టులతో సహా టూల్ బాక్సుల వేసి పెట్టు. సీజన్ల అర్ధరాత్రి మెట్‌పల్లి దాటినంక ఒకటి ఊడిందనుకో, ఆ టైంల ఏ దుకాణమూ తెరిచి ఉండదు. తెల్లారే దాకా ఆ పలక లేకుండనే బండి నడపకు.