ఆలస్యంగా అందిన కబురు

పండగ అనగానే ఎవరికేం గుర్తొస్తుందో గానీ, మనకి మాత్రం ముందుగా గుర్తొచ్చేది వంటిల్లే కదూ! సంక్రాంతి అంటే అరిసెల పాకం కుదురుతుందా లేదా అన్న బెంగ, ఉగాది అంటే వేపపువ్వు ఎవరు కోసుకొస్తారన్న చింత. ఆ పండగ ఎందుకొచ్చింది, దాని వెనకాల కథేమిటి అన్నది పిల్లలు అడిగేదాకా మనకి తోచదు. అడిగినా, "ముందు తలంటు పోసుకుని రా, తర్వాత చెబుతాను" అని తప్పించుకుంటాం. ఆ "తర్వాత" ఓ పట్టాన రాదు.

కిందటేడు జూన్‌లో హ్యూస్టన్‌లో ఉన్న మా చెల్లెలి దగ్గరికి వెళ్ళాను. 19వ తేదీ పొద్దున్న తొమ్మిదైనా మా మరిది పక్క దిగలేదు. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డాను.

"అదేం కాదక్కా, ఇవాళ సెలవు. ఏదో నల్లవాళ్ళ పండగలే" అంది చెల్లెలు, పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ.

"ఏం పండగ?"

"ఏమో, నేనెప్పుడూ కనుక్కోలేదు."

పదిహేనేళ్ళుగా ఆ ఊళ్ళోనే ఉంటోంది సుమండీ! చెల్లెలి కూతురు, పదహారేళ్ళ పిల్ల, ఫోనులోంచి తలెత్తి, "పెద్దమ్మా, నేను చెప్తా" అంది. తెలుగూ ఇంగ్లీషూ కలిపి అది చెప్పిన కథ ఇది.

అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం జరుగుతుండగా, 1863 జనవరి 1న అధ్యక్షుడు లింకన్, తిరుగుబాటు చేసిన రాష్ట్రాల్లోని బానిసలందరూ స్వతంత్రులని ప్రకటించాడు. టెక్సాస్ ఆ రాష్ట్రాలకి ఒక కొస. అక్కడి దొరలు ఆ ప్రకటనని లెక్కచెయ్యలేదు. 1865 ఏప్రిల్లో దక్షిణాది పెద్ద సైన్యం లొంగిపోయినా లెక్కచెయ్యలేదు. ఆఖరికి జూన్ 19న జనరల్ గోర్డన్ గ్రాంజర్ అనే ఆయన సైన్యంతో గాల్వెస్టన్ రేవుకి వచ్చి, బానిసలందరికీ విముక్తి అని ఉత్తర్వు వెలువరించాడు. టెక్సాస్‌లో అప్పటికి దాదాపు రెండున్నర లక్షలమంది బానిసలున్నారు. ఆ మరుసటి ఏడాది నుంచీ ఆ తేదీన పండగ చేసుకోవడం మొదలుపెట్టారు. జూన్ నెలనీ పంతొమ్మిదినీ ఒకటిగా కలిపి పలికి "జూన్‌టీన్త్" అన్నారు.

కథ బోధపడింది గానీ పండగే బోధపడలేదు నాకు. రెండున్నరేళ్ళంటే మాటలా? చంకలో బిడ్డ నడక నేర్చి, మాటలు నేర్చి, అమ్మ కొంగు పట్టుకుని తిరిగే కాలం. అంతకాలమూ ఆ తల్లి చట్టం ప్రకారం స్వతంత్రురాలే, బతుకులో మాత్రం ఒకరి సొత్తు. ఆ బిడ్డని అమ్ముకునే పెత్తనం ఇంకొకరి చేతిలో ఉంది. ఇలాంటి అన్యాయం గుర్తొచ్చిన రోజున ఉపవాసం ఉండాలి గానీ, కేకులు కోసుకోవడమేమిటి? పాటలేమిటి?

పైగా ఆ ఉత్తర్వు పూర్తిగా చదివించుకుంటే నాకు ఒళ్ళు మండింది. యజమానులకీ మీకూ సమాన హక్కులంటూనే, ఇప్పుడున్న ఇళ్ళలోనే కుదురుగా ఉండి కూలికి పని చేసుకోండి, సోమరిగా కూర్చుంటే ఎవరూ పోషించరు అని హితబోధ కూడా చేశారు. ఎండలో పత్తి ఏరి ఏరి వేళ్ళు చిట్లిన వాళ్ళకి సోమరితనం గురించి చెప్పడం! "ఇల్లు నీదేనమ్మా, తాళంచెవులు మాత్రం నా దగ్గరుంటాయి" అనే అత్తగార్లు గుర్తొచ్చారు నాకు.

మా నాయనమ్మది వరంగల్ జిల్లా. దేశానికంతటికీ 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వస్తే, తమకి 1948 సెప్టెంబరు 17 దాకా రాలేదని చెబుతుండేది. "అయితే నీకూ అర్థమవుతుందిగా పెద్దమ్మా" అంది పిల్ల. కొంత అర్థమైందేమో. కానీ పోలిక అంతదూరం సాగదు. రాజు కింద బతకడం వేరు, సంతలో ధర కట్టబడి బతకడం వేరు. తొందరపడి "మాకూ అంతే" అనెయ్యడం కూడా ఒకరకం దొంగతనమే.

"పద, చూసొద్దాం" అన్నాను.

మా చెల్లెలి మొహం మారిపోయింది. "అక్కడికా? థర్డ్ వార్డా? మనవాళ్ళెవరూ అటు వెళ్ళరక్కా" అంది. పిల్ల ఊరుకోలేదు. చివరికి మరిది లేచి కారు తీశాడు. ఆ పేటలోకి తిరగగానే ఆయన చెయ్యి ఓ మీట నొక్కింది, తలుపులన్నీ ఠక్కున తాళం పడ్డాయి. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. పిల్ల మాత్రం కిటికీ వైపు తిరిగిపోయింది.

ఆ పార్కు పేరు ఎమాన్సిపేషన్ పార్కు, అంటే విముక్తి వనం అనుకోండి. దాని కథ మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. విడుదలైన కొత్తల్లో పండగ చేసుకుందామంటే వాళ్ళకి జాగా ఇచ్చేవాళ్ళు లేరు. 1872లో జాక్ యేట్స్ అనే పాస్టరుగారూ మరి కొందరు పెద్దలూ కలిసి, చందాలు పోగుచేసి 10 ఎకరాలు కొన్నారు. ఏడేళ్ళ కిందటిదాకా తామే అమ్ముడుపోయే సరుకుగా ఉన్న జనం భూమి కొనుక్కున్నారు! అదీ ఇళ్ళు కట్టుకోవడానికి కాదు, పొలం దున్నుకోవడానికీ కాదు. ఏడాదికోసారి పండగ చేసుకోవడానికి. మన ఇళ్ళలో అయితే "తిండికి లేదుగానీ తిరునాళ్ళట" అని సాధించి ఉండేవాళ్ళం. తర్వాత ఆ స్థలం నగరపాలక సంస్థ చేతికొచ్చింది. 1922 నుంచి 1940 దాకా హ్యూస్టన్‌లో నల్లజాతివారిని రానిచ్చిన పార్కు అదొక్కటే. ఇంకో వింత చూడండి. పార్కు పక్కనున్న వీధికి 2017 దాకా బానిసత్వం పక్షాన పోరాడిన ఓ సైనికాధికారి పేరే ఉండేది. పండగకి వచ్చినవాళ్ళు ఏటా ఆ పేరున్న బోర్డు కిందనుంచే నడిచి వచ్చేవారన్నమాట. ఇప్పుడది ఎమాన్సిపేషన్ అవెన్యూ.

లోపల జాతర లాగే ఉంది. ఓ పక్క డప్పులు, ఓ పక్క చర్చి పాటలు, నిప్పుల మీద మాంసం కాలుతున్న పొగ, బుగ్గల నిండా పుచ్చకాయ రసంతో పిల్లలు. కుటుంబాలకి కుటుంబాలు ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని, వీపు మీద ఇంటిపేరు అచ్చు వేయించుకుని తిరుగుతున్నాయి. ఎటు చూసినా ఎరుపు. ఎర్ర సోడా, ఎర్ర కేకు, పుచ్చకాయ. చిందిన నెత్తుటికీ, తట్టుకుని నిలిచిన గుండెకీ గుర్తు అంటారు.

మేం దిక్కులు చూస్తుంటే ఓ డేరా కింద కూర్చున్న పెద్దావిడ చెయ్యి ఊపి పిలిచింది. ఎనభై ఏళ్ళుంటాయి. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయిందట. కూర్చోబెట్టి, గ్లాసుల్లో చల్లగా ఎర్రటి పానకమేదో పోసిచ్చింది. ఒక గుక్క తాగానో లేదో, ఆ పులుపు నాలుకకి తెలిసిపోయింది. మా అమ్మమ్మగారి ఊళ్ళో దొడ్డిగోడ పక్కన కోసుకుని ఉప్పద్దుకు తిన్న గోగుకాయల పులుపు! "ఇది గోంగూర మొక్కదే" అని అరిచినంత పని చేశాను. పిల్ల ఫోనులో వెతికి, నిజమేనంది. పువ్వు రాలాక మిగిలే ఆ ఎర్రటి డిప్పల్ని ఎండబెట్టి కాచిన పానీయం అది. పడమటి ఆఫ్రికాలో ఇంటింటా కాస్తారట. జూన్‌టీన్త్ నాటి ఎరుపు అక్కడినుంచే వచ్చిందనే వాళ్ళూ ఉన్నారు. ఆంధ్రమాత అని మనం నెత్తిన పెట్టుకునే మన ఎర్ర గోంగూరకి పుట్టిల్లు ఆఫ్రికాయేనని నాకు నలభై దాటాక తెలిసింది.

ఆ ఆకుతో పచ్చడి చేస్తామంటే పెద్దావిడ నమ్మలేదు. మా చెల్లెలి పెరట్లో మూడు మడులున్నాయని పిల్ల చెప్పేసింది.

చనువు చిక్కింది కదా అని నా సందేహం అడిగాను. బాధపడాల్సిన రోజు కదా, పండగెలా చేసుకుంటున్నారు అని. అడిగాక, అడక్కుండా ఉండాల్సిందేమో అనిపించింది. ఆవిడ కోప్పడలేదు.

"కబురు ఆలస్యంగా వచ్చిందని అందరూ అంటారమ్మా. మా వాళ్ళలో చాలామందికి కబురు ముందే తెలుసు. వినవలసినవాళ్ళు వినలేదు. ఆలస్యం కబురుది కాదు, తుపాకీ పట్టుకొచ్చిన సిపాయిది" అంది. కాస్సేపు ఆగి మళ్ళీ, "మా ముత్తవ్వకి ఆ ఒక్కరోజు తప్ప ఇంకో రోజు ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చినంతే తీసుకుని పెద్దది చేసుకున్నాం. మేం ఏడుస్తూ కూర్చుంటే ఈ పిల్లలు మా దగ్గర నిలబడతారా? కేకు పెట్టి కూర్చోబెడతాం, తింటూ వింటారు" అంది.

నా ఉపవాసం సిద్ధాంతం అక్కడే నీరుగారిపోయింది. నిజమే, ఉపవాసం ఉన్న ఇంటికి పిల్లలు రారు.

ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టక పిల్లచేత అవీ ఇవీ చదివించుకున్నాను. విముక్తి అయ్యాక, ఎన్నో ఏళ్ళపాటు, నల్లజాతివారి పత్రికల్లో ప్రకటనలు పడేవట. అమ్ముడుపోయి చెల్లాచెదురైన తమ వాళ్ళ కోసం తల్లులూ పిల్లలూ వేయించిన ప్రకటనలు. బిడ్డ పేరు, ఏ దొర ఎవరికి అమ్మాడు, ఆఖరుసారి ఎక్కడ చూశారు, ఇంతే ఉండేది. వాటిని చర్చిలో పాస్టర్లు చదివి వినిపించేవారు. నల్లజాతి మహావక్త ఫ్రెడరిక్ డగ్లస్‌కి తను పుట్టిన తేదీయే తెలియదు, తనంతట తానే ఫిబ్రవరి 14ని ఎంచుకున్నాడు. మన అమ్మమ్మలకీ పుట్టినరోజులు తెలియవనుకోండి, "పెద్ద గాలివాన వచ్చినప్పుడు పుట్టాను" అనేవారు. ఎటొచ్చీ ఆ గాలివాన ఊరందరికీ గుర్తుండేది. డగ్లస్‌కి పుట్టినరోజు తెలియకపోవడం దొర చేసిన పని. లింకన్‌దీ డగ్లస్‌దీ పుట్టినరోజులు రెండూ పడే వారాన్నే ఎంచుకుని కార్టర్ వుడ్‌సన్ అనే చరిత్రకారుడు 1926లో నల్లజాతి చరిత్ర వారం మొదలుపెట్టాడు. తల్లిదండ్రులు ఒకప్పటి బానిసలు, తను బొగ్గుగనిలో పనిచేసి, ఆనక హార్వర్డ్‌లో డాక్టరేటు తెచ్చుకున్నవాడు. ఆ వారమే తర్వాత నెల అయింది.

అన్నింటికంటే నన్ను పట్టుకున్నది ఓపల్ లీ అనే ఆవిడ కథ. టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో తెల్లవాళ్ళ పేటలో వాళ్ళ కుటుంబం ఇల్లు కొనుక్కుంది. 1939లో ఓ గుంపు వచ్చిపడి ఆ ఇంటిని నాశనం చేసింది. అప్పుడా పిల్లకి 12 ఏళ్ళు. తేదీ ఏమిటో తెలుసా? జూన్ 19. ఆవిడ పెరిగి, పంతులమ్మయి, 2016లో, 89 ఏళ్ళ వయసులో, ఈ రోజుని దేశమంతా సెలవు చెయ్యాలని వాషింగ్టన్‌కి నడక మొదలుపెట్టింది. ఊరూరా రెండున్నర మైళ్ళు నడిచేది. కబురు ఆలస్యమైన రెండున్నరేళ్ళకీ గుర్తుగా. 2021 జూన్ 17న ఆ చట్టం మీద సంతకమైంది. ఆవిడ పక్కనే నిలబడి చూసింది.

అంటే మా మరిది పొద్దున్న తొమ్మిదింటిదాకా పడుకున్న ఆ నిద్ర ఆ ముసలావిడ కాళ్ళు ఇచ్చిందన్నమాట!

ఆ ఒక్క నిద్రేనా? మనవాళ్ళు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా అమెరికా వెళ్ళడానికి దారి బాగా తెరుచుకున్నది 1965లో వచ్చిన వలస చట్టంతో. నల్లజాతివారు వీధుల్లో దెబ్బలు తిని, జైళ్ళకి వెళ్ళి, మనుషుల్ని పుట్టుకను బట్టి వేరుచెయ్యడం తప్పని ఆ దేశం చేత ఒప్పించిన రోజుల్లోనే ఆ చట్టమూ వచ్చింది. వాళ్ళు తోసిన తలుపులోంచి లోపలికి వెళ్ళి, వాళ్ళ పేట రాగానే కారు తలుపులకి తాళం వేసుకుంటున్నాం. ఉప్పు తిన్నవాళ్ళం అనే మాట మన భాషలో ఊరికే పుట్టిందా?

మరిదిని ఆడిపోసుకోవడానికి నాకు మాత్రం ఏం నోరుంది? మా తమ్ముడికి సంబంధాలు చూసేటప్పుడు "పిల్ల ఎర్రగా బుర్రగా ఉంటే చాలు, చదువు కాస్త అటూఇటూ అయినా ఫర్వాలేదు" అని మధ్యవర్తికి ఫోను చేసి చెప్పినదాన్ని నేనే. అప్పటికి ఆడవాళ్ళ ఆత్మగౌరవం మీద రెండు నవలలు కూడా రాశాను. చామనఛాయగా ఉందని ఓ పిల్ల ఫొటోని అలాగే తిప్పి పంపించాం. ఆ అమ్మాయి మొహం నాకిప్పుడు గుర్తులేదు.

హైదరాబాదు తిరిగొచ్చాక శ్రావణంలో ఓ పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికొడుకు ఊరేగింపులో మర్ఫా వాయిస్తున్నారు. తీన్‌మార్ దెబ్బకి పెద్దవాళ్ళు కూడా భుజాలు ఎగరేస్తున్నారు. వాయించేవాళ్ళలో ఉంగరాల జుట్టు పెద్దాయనొకడు కనిపిస్తే, విరామంలో మీదే ఊరని అడిగాను. "ఇక్కడేనమ్మా, ఏసీ గార్డ్స్. మా తాతల తాతలు ఆఫ్రికా" అన్నాడు. సిద్దీలన్నమాట. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని నిజాం కొలువులో గుర్రపు దళం ఉండేది, ఏసీ అంటే అదీ. ఆ దళం అంతకుముందు వనపర్తి సంస్థానంలో ఉండేదట. మర్ఫా మన వీధుల్లోకి వచ్చింది వాళ్ళ చేతుల మీదుగానూ, అరబ్బుల చేతుల మీదుగానూ. ఇరవయ్యేళ్ళుగా ఆటోవాళ్ళకి "ఏసీ గార్డ్స్ మీదుగా పోనియ్" అని చెబుతున్నాను. ఏసీ అంటే ఏ అసిస్టెంట్ కమిషనరో అనుకున్నాను గానీ ఏనాడూ అడగలేదు. మా చెల్లెలిని వేలెత్తి చూపానే!

ఆ రాత్రే దానికి ఫోను చేసి ఇదంతా చెప్పబోయాను. అది వినే స్థితిలో లేదు.

"నీ మూలాన వచ్చిందే ఇదంతా! ఆ పార్కు ఆవిడని నీ ముద్దుల కూతురు శనివారం భోజనానికి పిలిచిందట. మనవణ్ణి కూడా తీసుకొస్తుందట. మాతో పాటు ఇంకో రెండు తెలుగు కుటుంబాలు కూడా వస్తున్నాయి ఆ రోజు, వాళ్ళేమంటారో ఏమో..." అని, కాస్సేపు ఆగి, "గోంగూర పచ్చడి అడిగిందట అక్కా. ఎండుమిరపకాయలు ఎన్ని తగ్గించమంటావ్?" అంది.