నూనె లేని గొలుసు

ధ్యాన భాగము: మత్తయి 25:1-13



ఈ నెల మేము మీ యెదుట పెట్టు ధ్యానము ఒక పాత సైకిలును గూర్చినది. సైకిలును గూర్చి ప్రసంగమేమిటని కొందరు నవ్వవచ్చును. నవ్వుడి, తప్పు లేదు. అయితే కడవరకు చదువుడి. ఈ సంగతిలో సగము మేము అనేక కూటములలో చెప్పియున్నాము. మిగిలిన సగము మొన్నటివరకు ఎవరికిని చెప్పలేదు.

అది 2001వ సంవత్సరము అక్టోబరు నెల. మేము వేదాంత పాఠశాల విడిచి సేవకు వచ్చి రెండేండ్లయినది. గుండ్లకమ్మ ప్రాంతమున ఐదు గ్రామముల సంఘములు మాకు అప్పగింపబడినవి. గుండ్లకమ్మ యనగా మన సంఘ చరిత్రలో చిన్న యేరు కాదు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆ నీటిలోనే. ఆ ఐదు గ్రామములలో కడపటి గ్రామమున ఒక వృద్ధురాలు ఉండెను. ఊరివారందరు ఆమెను అవ్వ అనియే పిలుచుచుండిరి. చదువు రాదు గాని కీర్తనలు అనేకము నోటికి వచ్చును. ఆమె లేని ఆరాధన ఆ ఊరిలో మేము ఎరుగము.

ఆ దినము మధ్యాహ్నము ఆ ఊరినుండి ఒక పిల్లవాడు నడచి వచ్చెను. “అయ్యగారూ, అవ్వకు బాగా జబ్బు చేసింది. ప్రభు భోజనం తీసుకొని పొద్దు గుంకేలోపు రమ్మంది” అని చెప్పెను. త్రోవ 12 కిలోమీటర్లు. సైకిలు మీద గంట ప్రయాణము. గంట ప్రయాణమే గదా యని భోజనము చేసితిమి, కొంచెము నడుము వాల్చితిమి. రెండు గంటలకు రొట్టెయు ద్రాక్షారసపు సీసాయు గల చిన్న పెట్టెను క్యారియరుకు కట్టి, ప్రార్థన చేసి బయలుదేరితిమి.

మూడు కిలోమీటర్లు పోకముందే వెనుక చక్రము నేలకు అణగెను. చూడగా తుమ్మముల్లు. దగ్గరలోని అడ్డరోడ్డు వరకు సైకిలును నడిపించుకొని పోయితిమి. అక్కడ చెట్టుక్రింద పంచర్లు వేయు ఒక మనిషి ట్యూబును నీళ్ల బేసినులో ముంచి, బుడగలు లేచుచోట గీకి, సొల్యూషను పూసి, ముక్క అంటించెను. గాలి కొట్టినను నిలువలేదు. అతడు వాల్వు ఊడదీసి, దానిమీది సన్నని రబ్బరు గొట్టమును మాకు చూపెను. అది ఎండి చీలియుండెను. “అయ్యా, దీన్ని మార్చి ఎన్నాళ్లయింది?” అని అడిగెను. మాకు జ్ఞాపకము లేదు. మార్చితిమో లేదో కూడ జ్ఞాపకము లేదు.

గాలి నింపిన టైరును 1888లో పేటెంటు చేయించినవాడు బెల్ఫాస్టు నగరమున నివసించిన జాన్ బాయ్డ్ డన్లప్ అను పశువైద్యుడు. తన చిన్న కుమారుని మూడు చక్రముల బండి కుదుపు లేక సాగవలెనని ఆయన ఆ పని మొదలుపెట్టెను. నాటినుండి మనము సైకిలు మీద కూర్చున్నప్పుడు మన బరువంతయు గాలి మీదనే ఆనుచున్నది. మా సైకిలుకు ఆ గాలిని పట్టియుంచునది వేలెడైనను లేని ఆ రబ్బరు గొట్టము. దాని వెల అణాల లెక్క. దానికొరకు అరగంట పోయినది.

మరి రెండు కిలోమీటర్లు పోయినపిమ్మట గొలుసు ఊడెను. ఎక్కించితిమి. మరల ఊడెను. మరల ఎక్కించితిమి. మూడవసారి అది పండ్లచక్రమునకును చట్రమునకును నడుమ చిక్కుకొని బిగిసిపోయెను. లాగితే రాదు, తోస్తే కదలదు. చేతులు నల్లబడెను, వ్రేళ్లు తెగెను. తుప్పు పట్టిన లంకెలు వంగక కట్టెలవలె నిలిచియుండెను. చుట్టును మనిషి లేడు. మేము త్రోవ ప్రక్కన కూర్చుండి, సిగ్గు విడిచి చెప్పుచున్నాము, దేవునిమీద సణిగితిమి. “ప్రభువా, నీ పని మీదనే గదా పోవుచున్నాము” అంటిమి.

అప్పుడు ఒక ముసలి గొర్రెలకాపరి మందను తోలుకొని వచ్చెను. మన సంఘపువాడు కాడు. మమ్మును చూచి కఱ్ఱ ప్రక్కన పెట్టి కూర్చుండెను. వెనుక చక్రము మరలు వదులుచేయుటకు మాయొద్ద పానా లేదు. అతడు గొర్రెల గిట్టలు గీకు చిన్న కత్తితోను ఒక రాతితోను చాలసేపు పాటుపడి, ఎట్టకేలకు గొలుసును విడిపించెను. తరువాత మొలనుండి ఒక చిన్న బుడ్డి తీసెను. అది గొర్రెల పుండ్లకు వేయు ఆముదము. దానిని చుక్కచుక్కగా లంకెలమీద పోసి పెడలు త్రిప్పెను. రెండేండ్లనుండి కిర్రుకిర్రుమనిన ఆ గొలుసు చప్పుడు లేక తిరిగెను.

మేము కృతజ్ఞత చెప్పబోగా అతడు, “అయ్యా, ఏమీ అనుకోమాక. రోజూ ఎక్కే బండికి నూనె ఎయ్యవా?” అనెను.

మేము జవాబు చెప్పలేదు. “పొద్దు పోతున్నది తాతా” అని చెప్పి సైకిలెక్కితిమి. అక్కడ మాకు గంటకు పైగా గడచినది.

కడపటి నాలుగు కిలోమీటర్లు నల్లరేగడి బాట. ముందటి రాత్రి వాన కురిసియుండెను. ఆ నేల సంగతి మీకు తెలియనిది కాదు. నాలుగు బారలు పోవునప్పటికి బంకమట్టి టైరునకు అంటుకొని, మడ్గార్డు లోపల కూరుకొని, చక్రము తిరుగనియ్యదు. పుల్లతో గీకుచు కొంతదూరము తోసితిమి. ఆపైన సైకిలును భుజముమీద వేసికొని నడచితిమి. వాగు దిగుచోట గట్టినేల తగులగా తొందరపడి మరల ఎక్కితిమి. పల్లములో బ్రేకు పట్టితిమి. బ్రేకు రబ్బర్లు అరిగి పట్టు లేదు. బోర్లపడితిమి. మోకాలు చీరుకొనెను. లేచి పెట్టె తెరచి చూడగా సీసా పగిలి ద్రాక్షారసము తెల్లగుడ్డ నిండ ఇంకియుండెను.

ఊరు చేరునప్పటికి దీపములు వెలిగించియుండిరి. దూరమునుండియే ఏడ్పు వినబడెను. అవ్వ ప్రభువునొద్దకు పోయి అరగంట అయినది.

ఆమె కోడలు మమ్మును చూచి నీళ్లచెంబుతో ఎదురు వచ్చెను. మా చేతులమీద నీళ్లు పోయుచు చెప్పెను: “అయ్యగారూ, అత్తమ్మ చివరిదాకా వాకిలివైపే చూసింది. తర్వాత, అయ్యగారు దోవలో ఏం ఇబ్బంది పడుతున్నారో, ఆయన కోసం ప్రార్థన చెయ్యండి అంది. మేమంతా ప్రార్థన చేశాము. ఆమేన్ అని కన్ను మూసింది.”

మేమేమంటిమి? “దారి బాగాలేదమ్మా” అంటిమి. అక్కడివారందరు, “అవును అయ్యగారూ, దారి అసలే బాగాలేదు, పాపం ఎంత కష్టపడ్డారో” అని మమ్మునే ఓదార్చిరి. మేము ఆ ఓదార్పును పుచ్చుకొంటిమి. ఆ తరువాత అనేక స్థలములలో ఈ సంగతి చెప్పితిమి. ముల్లు చెప్పితిమి, బురద చెప్పితిమి, పడుట చెప్పితిమి. కాపరి అడిగిన ప్రశ్న మాత్రము చెప్పలేదు.

ప్రియులారా, ఇందులో మూడు సంగతులు ఆలోచింతము.

మొదటిది, ముల్లు వేరు, గొలుసు వేరు. సేవకుని త్రోవలో అతని తప్పిదము లేకయే వచ్చు ఆటంకములు కలవు. పౌలును రోమాకు కొనిపోవు ఓడమీద ఊరకులోను అను పెనుగాలి విసరెను. ఓడ బద్దలాయెను, అయినను అందున్న 276 మందిలో ఒక్కడును నశింపలేదు (అపొ. కార్య. 27). ఆ గాలికి పౌలు బాధ్యుడు కాడు. ప్రయాణము అపాయకరమని ఆయన ముందే హెచ్చరించియుండెను కూడ. మా త్రోవలోని తుమ్మముల్లు అట్టిది, వాన అట్టిది. అయితే ఎండిన వాల్వు రబ్బరు, తుప్పు పట్టిన గొలుసు, అరిగిన బ్రేకు, ఇవి త్రోవలో పుట్టినవి కావు. ఇవి మా ఇంటినుండి మాతోకూడ బయలుదేరినవి. మనము వీటన్నిటిని ఒక్క మూటగా కట్టి శోధన యని పేరు పెట్టుదుము. సాతానుమీద నింద వేయుట సులభము. పానా పట్టుకొని వంగుట కష్టము.

రెండవది, నూనె బయలుదేరక మునుపే ఉండవలెను. ఉపమానములోని పదిమంది కన్యకలకును దివిటీలు కలవు; పదిమందియు కునికి నిద్రించిరి; పదిమందియు పెండ్లికుమారునికొరకే వచ్చిరి. భేదము ఒక్క సిద్దెలలోని నూనె. బుద్ధిలేనివారు కొనుటకు పోయిరి, పోయి తిరిగి కూడ వచ్చిరి. అయితే అప్పటికి తలుపు వేయబడెను. మాకును నూనె దొరకినది. మేము ఎరుగని మనుష్యుడు దయతో పోసెను. నూనె దొరకినది గాని గడియ దొరకలేదు.

సహోదరుడా, నీవు అన్నతో మాట మాని ఎన్నాళ్లయినది? ఆయన మంచము పట్టిన దినమున పరుగెత్తి పోవుదునని అనుకొనుచున్నావా? సహోదరీ, పిల్లలను కూర్చుండబెట్టుకొని ప్రార్థించుట వచ్చే వేసవిలో మొదలుపెట్టుదమని అనుకొంటివా? మూతపడిన బైబిలును కష్టము వచ్చిన రాత్రి తెరచిన యెడల అందులో ఏ పుట ఎక్కడున్నదో తెలియదు. ఇవి చిన్న సంగతులే. నాలుగు చుక్కల నూనె చాలును. కాని ఆ నాలుగు చుక్కలు ఊరకున్న దినమున వేయవలసినవి.

మూడవది, దేవుని కృప మన చక్రములమీద నడచునది కాదు. మేము రొట్టె తీసికొని పోలేకపోయినందున అవ్వకు పరలోకములో ఏ కొరతయు కలుగలేదు. సిలువమీది దొంగకు ఏ బోధకుడు బల్ల సిద్ధపరచెను? ప్రభువే అతని ప్రక్కన ఉండెను. అవ్వ ప్రక్కనను ఆయన ఉండెను. మేము ఆలస్యము చేసితిమి, ఆయన చేయలేదు. ఈ సత్యము మాకు గొప్ప ఆదరణ. అయితే దీనిని మా సోమరితనముమీద కప్పు దుప్పటిగా చేసికొనరాదు. ఆమెకు కొరత లేకపోయినను, ఆమె కోరినది ఇయ్యవలసిన అప్పు మా మీద నిలిచియున్నది.

ఈ ధ్యానము వ్రాయుటకు ముందు మేము ఆ ఊరికి పోయి, ఆ కోడలిని చూచి, ఉన్నదున్నట్లు చెప్పితిమి. ఆమెకు ఇప్పుడు తల నెరసినది. కొంతసేపు ఊరకుండి ఆమె ఇట్లనెను: “మాకు తెలుసు అయ్యగారూ. మీ సైకిలు కిర్రుమనటం ఊరంతా వినేదిగా. అత్తమ్మ ఆ చప్పుడు విని, అయ్యగారు వస్తున్నారు అని లేచి కూర్చునేది. ఆ రోజు కూడా ఆ చప్పుడు కోసమే చెవి పెట్టుకొని ఉంది.”

మేము దాచితిమనుకొన్నది ఊరంతటికి వినబడుచునే యున్నది. వారు ఎన్నడో క్షమించి ఊరకుండిరి. మనుష్యులకే అంత వినబడిన యెడల దేవునికి వినబడనిది ఏమున్నది? ఆయనయొద్ద దారి బాగాలేదని చెప్పి లాభమేమి?

నాటినుండి ప్రతి శనివారము సాయంకాలము మేము సైకిలు తలక్రిందులుగా నిలిపి, గొలుసు తుడిచి నూనె వేయుచున్నాము. పెడలు త్రిప్పునప్పుడు ఆ కాపరి మాట మాకు వినబడును. మీరును ఈ వారమున మీ మీ ఇండ్లలో ఎక్కడ కిర్రుమనుచున్నదో చెవియొగ్గి వినుడి. అది కనుగొనినచోట ఆ సాయంకాలమే వంగుడి.

ప్రార్థన: ప్రభువా, మా నిర్లక్ష్యమునకు శోధన యని పేరు పెట్టినందుకు మమ్మును క్షమించుము. పిలుపు వచ్చిన గడియకు మమ్మును సిద్ధముగా నుంచుము. మాకొరకు కనిపెట్టువారి వాకిటికి సకాలమున మమ్మును చేర్చుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.