గొంతు పోయాక రాసిన మేలుకొలుపు

దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి గొంతు 1963లో మూగబోయింది. క్యాన్సర్ ఆ గొంతును తినేసింది. అప్పటికాయనకు అరవై అయిదేళ్ళు. తండ్రీ పెదతండ్రీ పిఠాపురం ఆస్థాన కవులు. పద్యం వింటూ పెరిగిన ఇల్లు అది. ఆకాశవాణి ద్వారా ఇంటింటికీ లలితగీతాన్ని చేర్చిన కవి, సభలో నోరు విప్పితే జనం కదలకుండా కూర్చుని విన్న కవి, ఆ తర్వాత ఎవరితో ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించవలసి వచ్చింది. 1980 ఫిబ్రవరిలో కన్నుమూసేదాకా అంతే.

ఆ మౌనంలో ఆయన ఏం రాశారో చూడండి. 1968లో 'ఉండమ్మా బొట్టు పెడతా' సినిమా వచ్చింది. అందులో మహాలక్ష్మిని ఇంటికి రమ్మని పిలిచే పాట సంక్రాంతి నెలలో ఈనాటికీ మైకుల్లో, టీవీల్లో, ఫోన్లలో మోగుతూనే ఉంది. గోరువంక పలుకుతుంది, కోయిల పలుకుతుంది, తెల్లవారుతుంది, పల్లె లేస్తుంది. తనకంటూ గొంతు మిగలని మనిషి ఊరందరినీ నిద్ర లేపే పాట రాశారు. తను పాడలేనిదాన్ని బాలసుబ్రహ్మణ్యం అనే కుర్రవాడు పాడాడు. వాకిట్లో కళ్ళాపి చల్లుతూ అమ్మలు అందుకున్నారు.

ఆ పాట విన్నప్పుడల్లా ఈ శక్తి ఆయనకు ఎక్కణ్ణుంచి వచ్చిందా అనిపిస్తుంది. ఒక్కరోజులో వచ్చింది మాత్రం కాదు.

1920లో ఆయనకు జబ్బు చేసింది. వైద్యం కోసం రైల్లో బళ్ళారికి ప్రయాణమయ్యారు. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా కదిలిపోయే చెట్లను, కొండలను చూస్తూ పోతుంటే 'కృష్ణపక్షం' కావ్యానికి ప్రేరణ కలిగిందంటారు. ఆరోగ్యం కోసం బయలుదేరినవాడికి ఆసుపత్రి చేరకముందే కిటికీలోంచి ఒక మందు దొరికింది. ఇది కవుల ఊహ అనుకునేవారికి ఒక మాట చెప్పాలి. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేసి, 1984లో 'సైన్స్' పత్రికలో తను కనిపెట్టింది ప్రకటించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళలో కిటికీ ఎదుట చెట్లు కనిపించే గదుల్లో పడుకున్నవాళ్ళు, ఇటుక గోడ కనిపించే గదుల్లోవాళ్ళకంటే ముందే ఇంటికి వెళ్ళారు. గట్టి నొప్పి మందుల అవసరమూ వాళ్ళకు తక్కువగా పడింది. మంచం మీదున్నవాడికి ఒక చెట్టు కనబడేలా మంచం జరపడం కూడా సేవే.

అయితే ఆ కావ్యంలో కృష్ణశాస్త్రిగారు ప్రకృతిని చూసి ఉత్సాహంతో కేరింతలు కొట్టలేదు. ఆయన అడిగింది దాక్కునే చోటు. ఆకుల్లో, పువ్వుల్లో, కొమ్మల్లో కలిసిపోయి ఆ అడవిలోనే ఎక్కడో ఉండిపోకూడదా అని బతిమాలారు. ఇంకో రెండేళ్ళకు, 1922లో, భార్య పోయారు. విషాదం మరింత చిక్కబడింది. 1925లో పుస్తకం వచ్చింది. ఒక తరం కుర్రకారు ఆయన కన్నీళ్ళను కంఠస్థం చేసింది.

దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గరకు వెళ్ళి మనం అనే మాటలు తెలిసినవే. గుండె దిటవు చేసుకో, పోయినవాళ్ళతో పోలేం కదా, పిల్లల మొహం చూసి ధైర్యం తెచ్చుకో. అన్నీ మంచి మనసుతో అనేవే. కానీ విన్నవాళ్ళకు అవి తలుపు వేసినట్టుగా ఉంటాయి: ఇక ఏడుపు చాలించమని. చెట్టు ఆ మాట అనదు, పద్యమూ అనదు. కొన్నాళ్ళు దాక్కుంటానంటే దాక్కోనిస్తాయి. అడవిలో కలిసిపోవాలన్న ఆ కోరికను పిరికితనం అనడానికి నాకు నోరు రాదు. పుండు మానాలంటే ముందు దాన్ని గాలి తగలని చోట ఉంచుతాం. మనసుకూ ఆ మాత్రం మరుగు కావాలి.

శ్రీశ్రీ కవితల పుస్తకం 'మహాప్రస్థానం'కి ముందుమాట రాస్తూ చలంగారు ఒక చురక వేశారు. శ్రీశ్రీ లోకం బాధను తన బాధ చేసుకుంటే, కృష్ణశాస్త్రి తన బాధను లోకానికి బాధ చేశారని ఆ మాట సారం. బాగా పేరుకెక్కిన మాట, నవ్వుకోదగ్గ మాట కూడా. కానీ ఆలోచించిన కొద్దీ నాకది ఆక్షేపణలా కాక ఒక సత్యంలా వినిపిస్తుంది. ఒకరి బాధ పదిమందికీ బాధ కావడమే కదా కవిత్వం చేసే పని! ఒంటరిగా మోస్తే నడుం విరిచే బరువును ఇంకొందరు తలా ఒక చెయ్యి వేసి ఎత్తుకుంటారు. గోల్కొండ చెరలో రామదాసు పడ్డ బాధ మూడు వందల ఏళ్ళు దాటినా భజన మందిరాల్లో మన బాధగానే ఉంది. దాన్ని పాడిన ప్రతివాడూ తన సొంత కష్టాన్ని కూడా అందులో కలిపి పాడాడు.

విగ్రహారాధన ఒప్పుకోని బ్రహ్మసమాజంలో చేరి పనిచేసిన కృష్ణశాస్త్రిగారు శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ తిరుప్పావైని తెలుగు కీర్తనలుగా చేశారు. సిద్ధాంతాల లెక్కన చూస్తే ఇది వింతే. భావకవి కళ్ళతో చూస్తే ఏ వింతా లేదు. పెరియాళ్వారు పెంచిన పూలతోటలో తులసి మొక్క దగ్గర దొరికిన పిల్ల ఆండాళ్. ఆమె రాసిన ముప్ఫై పాశురాల్లో దేవుడెంత ఉన్నాడో ఊరూ పొలమూ అంత ఉన్నాయి. మూడో పాశురంలో ఏపుగా ఎదిగిన వరిచేల మధ్య చేపలు ఎగురుతుంటాయి, కలువలో తుమ్మెద నిద్రపోతుంటుంది. నాలుగోది వాన పాశురం. మేఘం సముద్రంలో దిగి కడుపునిండా నీళ్ళు తాగి పైకెక్కుతుంది. నారాయణుడి మేనిలా నల్లబడుతుంది. చక్రంలా మెరిసి, శంఖంలా ఉరిమి, ఆయన విల్లు శార్ఙ్గం వదిలిన బాణాల్లా కురుస్తుంది. అయితే ఆ బాణాలు చంపడానికి కాదు, లోకం బతకడానికి. ఎనిమిదో పాశురంలో తూరుపు తెల్లబడుతుంటే గేదెలు మంచు పట్టిన గడ్డి మేయడానికి వెళ్తాయి. పద్నాలుగోదానిలో పెరటి బావిలో ఎర్ర కలువలు విచ్చుకుంటాయి, నల్ల కలువలు ముడుచుకుంటాయి.

వీటిలో ఏదీ దూరప్రయాణం చేసి చూడవలసిన ప్రకృతి కాదు. పెరడు, బావి, గట్టు, పశువుల కొట్టం. హిమాలయాలకు వెళ్తేగాని మనశ్శాంతి దొరకదనుకునేవారికి ఆండాళ్ పెరటి బావి చూపిస్తుంది. అపార్టుమెంటులో ఉన్నవారికి బావి లేకపోవచ్చు. బాల్కనీలో తులసి కుండీ ఉంటుంది, ఎదురు కరెంటు తీగ మీద పొద్దున్నే వాలే పిట్టలు ఉంటాయి.

ధనుర్మాసం వస్తే తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తుంది. మన ఊళ్ళలో వైష్ణవాలయాలన్నీ చీకటితోనే మేలుకుంటాయి. తమిళ పాశురాన్ని తెలుగు అక్షరాల్లో అచ్చేసిన పుస్తకం చేతిలో పెట్టుకుని, అర్థం సగం తెలిసీ తెలియక, నోరు తిరిగినంత వరకు చదువుతారు. అది చాలు. ఒక ఏడాది మా వీధిలో భర్త పోయిన ఆవిడ ఇంటి ముందు ముగ్గు లేదు, గుడికి రావడమూ లేదు. ఏడాది లోపల పండుగ లేదన్నది వాళ్ళ ఆచారం. గుడి మైకులో పాశురం మొదలవగానే మాత్రం గేటు దగ్గర నందివర్ధనం చెట్టు కిందకొచ్చి, పూలు కోస్తున్నట్టు నిలబడేవారు. బుట్ట నిండినా లోపలికి వెళ్ళేవారు కాదు. గుడి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆడవాళ్ళు వెచ్చటి పొంగలి దొన్నె ఆవిడ చేతిలో పెట్టి, "రేపటి పాశురం ఇదొదినా" అని మొదటి పాదం అందించి వెళ్ళేవారు. మర్నాటికి ఆవిడకు అది నోటికి వచ్చేసేది. ఆచారం తప్పలేదు, మనిషీ ఒంటరి కాలేదు. పండుగ లేని ఏడాదిలోనే మనిషికి పాట ఎక్కువ అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. నామం చెప్పుకోవడానికి మైల ఏమిటి?

గొంతు పెగలనివాళ్ళు పాడాలనేం లేదు. పాడేవాళ్ళ పక్కన కూర్చుంటే చాలు. కృష్ణశాస్త్రిగారికి చివరి పదిహేడేళ్ళూ మిగిలింది ఆ దారే. ఆయన రాసింది సుశీల పాడారు, జానకి పాడారు, బాలు పాడారు. ఒకప్పుడు అడవిలో కనబడకుండా పోవాలని కోరిన ఆ తొలినాటి గీతమే ఆయన పోయాక 'మేఘసందేశం' సినిమాలో సుశీలమ్మ గొంతులో కొత్త తరానికి చేరింది. దాక్కోవాలని రాసుకున్న పాట పదిమందిలోకి వచ్చి కూర్చుంది. దీన్ని దైవకృప అంటాను.

తిరుప్పావై చదవాలనుకునేవారు ఈసారి ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం దాకా కొంచెం నిదానంగా చదవండి. ఆ పదింటిలో గోపికలు ఇంకా లేవని చెలులను పిలుస్తూ పది ఇళ్ళ ముందు ఆగుతారు. ముందుగా లేచినవాళ్ళు తమ పుణ్యం తాము చూసుకుని నదీస్నానానికి పోవచ్చు, పోరు. పిట్టలు కూస్తున్నాయి వినలేదా అంటారు, గుళ్ళో శంఖం ఊదుతున్నారు వినలేదా అంటారు. ఓ ఇంటి దగ్గర గేదెల పాలు ధారగా కారి వాకిలంతా బురదవుతుంది, నెత్తిన మంచు కురుస్తుంటుంది, గుమ్మం కమ్మీ పట్టుకుని నిలబడతారు. కోప్పడతారు, బుజ్జగిస్తారు, దెప్పుతారు. ఇంకా పడుకునే ఉన్న పిల్ల బద్ధకస్తురాలో, దిగులుతో లేవలేనిదో వాళ్ళకు అనవసరం. పదిహేనో పాశురంలో లోపలి పిల్ల తిరిగి జవాబిస్తుంది. కాసేపు మాటకు మాట నడుస్తుంది. చివరికి ఆ పిల్ల అందరూ వచ్చారా అని అడుగుతుంది. వచ్చారు, కావాలంటే నువ్వే బయటికొచ్చి లెక్కపెట్టుకో అంటారు వీళ్ళు.